మందు మాన్పించే మందు: పుట్టగొడుగు మాత్ర గురించి మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో తాగుడు మానేటప్పుడు వచ్చే వణుకు గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో సగానికి సగం ఒకటే అడుగుతున్నాయి. అమెరికాలో పుట్టగొడుగు మాత్ర రెండుసార్లు వేస్తే తాగుడు మానేస్తున్నారట, నిజమేనా అని. ఎవరో వీడియో చేశారు, అది ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతోంది, నాకే ముగ్గురు పంపారు, అందులో ఒకరు మా వియ్యపురాలు. సరే, ఈసారికి నిద్ర పట్టకపోవడం, పిల్లల ఫోన్ పిచ్చి గురించిన ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకుంటున్నాను. కొన్ని ఉత్తరాలు కుదించాను. పేర్లు ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయనకు 44 ఏళ్లు, ఎరువుల కొట్టు ఉంది. పెళ్లయిన కొత్తలో ఎప్పుడో ఆదివారం తాగేవారు, తర్వాత రోజూ రాత్రి క్వార్టర్ అయింది, ఈ రెండేళ్ల నుంచి పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయని పళ్లు తోముకోకముందే కొంచెం పడాల్సిందే. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. పోయిన ఏడాది మెడికల్ షాపు అతను ఇచ్చిన మాత్ర పొడి చేసి పప్పులో కలిపి పెట్టాను. ఆ రాత్రి తాగి వచ్చాక ముఖం కందగడ్డలా అయిపోయి ఒకటే వాంతులు, చెమటలు, మనిషి పోతాడేమో అనుకున్నాను. మళ్లీ కలపలేదు. ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు ఈ పుట్టగొడుగు మాత్ర వీడియో పంపాడు. హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది? గాజులు అమ్మైనా తెస్తాను. (ఒక సోదరి, తెనాలి దగ్గర)

జవాబు: గాజులు చేతికే ఉంచుకోండమ్మా. ఆ మాత్ర హైదరాబాద్‌లో దొరకదు, ఆ మాటకొస్తే అమెరికాలో కూడా మెడికల్ షాపులో చీటీ ఇచ్చి కొనుక్కునేది కాదు. మీ తమ్ముడు అబద్ధం చెప్పలేదు, ఆ వీడియోనే సగం చెప్పి సగం వదిలేసింది. వదిలేసిన సగమే మీకు కావాల్సింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అందరూ చెప్పుకుంటున్న ప్రయోగం న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మైకేల్ బోగెన్‌షుట్జ్ అనే సైకియాట్రిస్టు బృందం చేసింది, 2022లో అచ్చయింది. బాగా తాగే అలవాటున్న 93 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి సిలోసైబిన్, అంటే కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే పదార్థం, ప్రయోగశాలలో తయారుచేసి కొలిచి క్యాప్సూల్‌లో ఇచ్చారు. రెండో గుంపుకి డైఫెన్‌హైడ్రమిన్ ఇచ్చారు. అది మన బెనడ్రిల్ సిరప్‌లో ఉండేదే, కాస్త మత్తుగా ఉంటుంది. ఎవరికి ఏది ఇచ్చారో చెప్పలేదు. ఆ తర్వాత 8 నెలలు లెక్క రాసుకుంటే, సిలోసైబిన్ తీసుకున్నవాళ్లు విపరీతంగా తాగిన రోజులు నూటికి సుమారు 10, రెండో గుంపులో 24. చివరికొచ్చేసరికి పూర్తిగా మానేసినవాళ్లు మొదటి గుంపులో దాదాపు సగం, రెండోదాంట్లో నాలుగో వంతు. మా సబ్జెక్టులో ఇది చిన్న తేడా కాదు.

వీడియో ఇక్కడితో ఆగిపోయింది. క్యాప్సూల్ ఇచ్చింది రెండుసార్లే, కానీ మొత్తం చికిత్స 12 వారాలు. మొదటి క్యాప్సూల్ నాలుగో వారంలో గానీ ఇవ్వలేదు. అప్పటిదాకా ఇద్దరు థెరపిస్టులు కూర్చోబెట్టి మాట్లాడించారు, ఎందుకు తాగుతున్నావు, ఏం పోగొట్టుకున్నావు, మానేస్తే సాయంత్రం ఏడింటికి ఏం చేస్తావు అని. క్యాప్సూల్ వేసిన రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక గదిలో సోఫా మీద పడుకోబెట్టి, కళ్లకు గంతలు కట్టి, చెవుల్లో సంగీతం పెట్టి, ఆ ఇద్దరూ పక్కనే కూర్చున్నారు. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, భయపడేవాళ్లు భయపడతారు, చనిపోయిన తండ్రితో మాట్లాడినట్టు అనిపించేవాళ్లు ఉంటారు. ఆ తర్వాతి రోజుల్లో మళ్లీ కూర్చుని, నిన్న నీకు కనిపించిందేమిటి, దాంతో ఇప్పుడు ఏం చేద్దాం అని మాటలు. బెనడ్రిల్ గుంపుకీ ఇవన్నీ చేశారు, అందుకే వాళ్ల తాగుడు కూడా బాగానే తగ్గింది చూడండి! ఇంకో సంగతి, వాళ్లంతా మేం మానాలనుకుంటున్నాం అని తమంతట తాము వచ్చినవాళ్లు. పప్పులో కలిపి పెట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

పప్పు మాట వచ్చింది కాబట్టి. మీరు కలిపింది చాలావరకు డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. అది ఒంట్లో ఉన్నప్పుడు మందు తాగితే, లివర్ ఆ మందుని విరిచేటప్పుడు ఎసిటాల్డిహైడ్ అనే విషం బయటకు పోకుండా పేరుకుంటుంది, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మానేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వేసుకునే మాత్ర అది. మిమ్మల్ని తిట్టడానికి రాయట్లేదు, మీలాంటి ఇల్లాళ్లు నెలకి ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వస్తారు, ఇంకే దారీ చూపించనివాళ్లదే తప్పు. ఆ షాపతను మాత్రం అలా ఇవ్వకూడదు. ఎప్పుడో ఒకరోజు మీ ఆయనకు చెప్పేయండి, నా ముందు చెప్పినా సరే.

ఇప్పుడు అసలు పని. పొద్దున్నే వణుకు ఉందంటే ఒళ్లు మందుకి అలవాటు పడిపోయింది. ఇలాంటివాళ్లు భార్య ఏడ్చిందనో, కొడుకు ఒట్టు వేయించుకున్నాడనో ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పి లేని పురుగులు గోడ మీద పాకుతున్నాయని, ఎవరో చంపడానికి వస్తున్నారని కేకలు పెట్టొచ్చు. అది ప్రాణాంతకం. అందుకని ఇంట్లో ఆపించకండి. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగానికి తీసుకెళ్లండి, వారం పది రోజులు ఉంచుకుని, వణుకు తగ్గడానికి మాత్రలు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి మెల్లగా దించుతారు. ఆ తర్వాత తాగాలన్న కోరిక తగ్గడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలు ఉన్నాయి. పాతవి, వీడియోలు లేనివి, మన దగ్గర దొరికేవి. వీటిలో ఏది సరిపడుతుందో లివర్ పరీక్ష చూసి చెప్తారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, అది వ్యసనాల విముక్తికి కేంద్రం పెట్టిన టోల్ ఫ్రీ నంబరు.

ఎయిమ్స్ వాళ్లు దేశమంతా చేసి 2019లో బయటపెట్టిన సర్వేలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. మిగతా 37 మందికి కొరత పుట్టగొడుగుది కాదమ్మా.

ప్రశ్న: సర్, నాకు 27, గచ్చిబౌలిలో జాబ్. రోజుకి పదిహేను సిగరెట్లు, వీకెండ్ గంజాయి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ స్టడీలో సిలోసైబిన్‌తో 80 శాతం మంది సిగరెట్ మానేశారని చదివాను. ఫ్రెండ్స్‌తో కొడైకెనాల్ ప్లాన్ ఉంది, అక్కడ మష్రూమ్స్ దొరుకుతాయి. ఎలాగూ నేచురల్ కదా, సేఫేనా? ఒక డౌట్, మా మేనమామకి ఇరవై ఏళ్ల వయసులో మైండ్ డిస్టర్బ్ అయి ఇప్పటికీ మందులు వాడుతున్నాడు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

జవాబు: బాబూ, నువ్వు డౌట్ అని చివర్న రాసిన వాక్యం మీద నుంచి మొదలుపెడతాను. సంబంధం ఉంది. రక్తసంబంధీకుల్లో స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బులు ఉన్నవాళ్లను ఈ ప్రయోగాల్లో సాధారణంగా గుమ్మం దగ్గరే ఆపేస్తారు, లోపల నిద్రపోతున్న జబ్బుని ఇది లేపొచ్చన్న భయంతో. అంటే నువ్వు ఆ జాన్స్ హాప్‌కిన్స్‌కే వెళ్లి అడిగినా వాళ్లు ముందు మీ మామయ్య గురించే అడుగుతారు. కొండ మీద ఆకుల్లో చుట్టి అమ్మేవాడు అడగడు. పైగా నీకు గంజాయి కూడా ఉంది, ఇలాంటి కుటుంబ చరిత్ర ఉన్నవాళ్లకి అది విడిగానే ప్రమాదం. వీకెండ్ అని రాశావు, నమ్ముతున్నాను, అయినా ముందు దాన్ని ఆపు.

ఆ 80 శాతం సంగతి. 2014లో మాథ్యూ జాన్సన్ బృందం చేసిన ఆ ప్రయోగంలో ఉన్నది మొత్తం 15 మంది. అందులో 12 మంది ఆరు నెలల తర్వాత కూడా మానేసే ఉన్నారు. పోల్చి చూడ్డానికి రెండో గుంపు లేదు. ఆ పదిహేను మందికి వారాల తరబడి సిగరెట్ మాన్పించే కౌన్సెలింగ్ జరిగింది, మానేసే తేదీ ముందే పెట్టుకుని సరిగ్గా ఆ రోజే మొదటి డోసు ఇచ్చారు. ఎంతో ఆశ పుట్టించే ఫలితమే, కాదనను, నేను కూడా మొదటిసారి చదివినప్పుడు రెండోసారి చదివాను. కానీ పదిహేను మంది అంటే మీ ఆఫీసులో ఒక బేలో కూర్చునేవాళ్లు. దాన్ని శాతంలో చెప్పేసరికి పెద్దగా వినిపిస్తుంది.

నేచురల్ అన్న మాట నాకు అర్థం కాదు, ఉమ్మెత్త కాయ కూడా నేచురలే. అడవి పుట్టగొడుగుల్లో లివర్‌ని నాలుగు రోజుల్లో పాడుచేసేవి ఉన్నాయి, ఎండబెట్టి పొట్లం కట్టాక ఏది ఏదో చెప్పడం నావల్ల కాదు, నీవల్ల అంతకన్నా కాదు. చట్టం సంగతి కూడా తెలుసుకో. మన దేశంలో 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) జాబితాలో సిలోసైబిన్ ఉంది, అదే జాతి మత్తుమందు ఎల్‌ఎస్‌డీ కూడా ఉంది. ఎల్‌ఎస్‌డీ అయితే గ్రాములో పదో వంతుకే కమర్షియల్ క్వాంటిటీ కింద లెక్క, కనీసం పదేళ్లు జైలు. ట్రిప్పు ప్లాన్ చేసినవాడు ఇది చెప్పి ఉండడు.

సిగరెట్‌కి నికోటిన్ గమ్ మెడికల్ షాపులో దొరుకుతుంది. అందరూ చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేసి ఎక్కిళ్లు వస్తున్నాయని పారేస్తారు. నాలుగుసార్లు నమిలి, ఘాటు తగలగానే బుగ్గలో పెట్టుకుని వదిలేయాలి, ఘాటు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు. మానేసే తేదీ ఒకటి రాసుకో. 1800112356 పొగాకు మానేవాళ్ల కోసం ఉన్న ఉచిత నంబరు.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ హెడ్‌మాస్టర్‌ను, నిజామాబాద్. మా కాలేజీ రోజుల్లో ఎల్‌ఎస్‌డీ అంటే హిప్పీలు, గోవా. ఇప్పుడు అదే వైద్యం అంటున్నారు. ఇందులో కంపెనీల మతలబు లేదని నమ్మమంటారా? ఇంకొకటి, మా దగ్గర కల్లు కాంపౌండ్లు మూయించినప్పుడు జనం మతి తప్పి ఆసుపత్రుల్లో పడ్డారు. అదీ ఇదీ ఒకటేనా?

జవాబు: మాస్టారూ, రెండోది ముందు చెప్పేస్తాను, అది చిన్నది. ఒకటి కాదు. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు. అవి మెదడుని జోకొడతాయి, హఠాత్తుగా ఆగిపోతే మెదడు ఒక్కసారి ఎదురు తిరుగుతుంది, అందుకే మీరు చూసిన ఫిట్స్, కేకలు. సైకెడెలిక్స్ అనే ఈ ఎల్‌ఎస్‌డీ, సిలోసైబిన్ జాతి వేరు, సెరొటోనిన్ అనే రసాయనం అతుక్కునే చోట అతుక్కుని ఆలోచనల దారి మారుస్తాయి, ఆపితే వణుకు పుట్టే రకం కాదు. ప్రమాదం లేదని కాదు, దాని ప్రమాదం వేరు.

మొదటిది మీరు హెడ్‌మాస్టరు కాబట్టి కొంచెం చరిత్ర చెబుతాను. ఇది హిప్పీల కన్నా ముందే వైద్యం. స్విట్జర్లాండ్‌లో బాసెల్ నగరంలో సాండోజ్ అనే మందుల కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్‌ఎస్‌డీ తయారుచేశాడు, అదేం చేస్తుందో 1943లో గానీ ఆయనకే తెలియలేదు. 1950లలో కెనడాలోని సస్కాచివాన్ అనే రాష్ట్రంలో, గోధుమ పొలాలు తప్ప ఏమీ కనిపించని చోట, హంఫ్రీ ఆస్మండ్, ఏబ్రమ్ హాఫర్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని తాగుబోతులకు ఇవ్వడం మొదలుపెట్టారు. సైకెడెలిక్ అన్న మాట పుట్టించింది ఆ ఆస్మండే. వాళ్ల మొదటి ఆలోచన వింటే నవ్వొస్తుంది. కొందరు తాగుబోతులు మతి తప్పి పురుగులు చూసి, ఆ భయంతో మానేస్తారు కదా, ఆ భయాన్నే మందు రూపంలో పుట్టిస్తే పోలా అని! తీరా ఇచ్చి చూస్తే రోగులు చెప్పింది భయం గురించి కాదు. తమ బతుకు తమకే పక్కన నిలబడి చూసినట్టు కనబడిందని, ఏదో పెద్దదాంతో కలిసిపోయినట్టుందని చెప్పారు. దాంతో డాక్టర్లు దారి మార్చుకుని, గదిని ప్రశాంతంగా పెట్టడం, పక్కన మనిషి కూర్చోవడం మొదలుపెట్టారు.

ఇంకో విశేషం. తాగుడు మానేసినవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ ఉంది కదా, దాన్ని పెట్టిన ఇద్దరిలో ఒకడైన బిల్ విల్సన్ 1934లో న్యూయార్క్ ఆసుపత్రిలో ఉండగా గది నిండా వెలుగు నిండినట్టు అనుభవం కలిగి తాగుడు వదిలేశాడు. అప్పుడు ఆయనకిస్తున్న చికిత్సలో బెల్లడోనా ఉంది, అది మన ఉమ్మెత్త జాతి మొక్క. ఆయనే 1956లో, మానేసి ఇరవై ఏళ్లు దాటాక, డాక్టర్ల సమక్షంలో ఎల్‌ఎస్‌డీ తీసుకుని, ఇది కొందరికి పనికొస్తుందని నమ్మాడు. సంఘంలో మిగతావాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది, ఒక మత్తు వదిలించుకున్నవాడికి ఇంకొకటి చేతిలో పెట్టడం ఏమిటని.

తర్వాత ఎల్‌ఎస్‌డీ వీధిలో పడింది, సాండోజ్ 1965లో సరఫరా ఆపేసింది, 1970లో అమెరికా, 1971లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం దాన్ని కఠిన నిషేధం కిందకు తెచ్చాయి. పరిశోధన నలభై ఏళ్లు అటకెక్కింది. 2012లో నార్వేలో ఇద్దరు పరిశోధకులు అటక మీద నుంచి ఆ పాత ప్రయోగాల్లో పద్ధతిగా చేసిన ఆరింటిని దించి, 536 మంది లెక్కలు కలిపి చూశారు. ఒక్క డోసు ఎల్‌ఎస్‌డీ తీసుకున్నవాళ్లలో 59 శాతం మంది మెరుగయ్యారు, తీసుకోనివాళ్లలో 38 శాతం. ఆరు నెలలదాకా తేడా నిలిచింది, ఏడాదికి నిలిచిందని చెప్పలేకపోయారు. ఆ ఏడాది మాటే నాకు ముఖ్యం. మీరు చూసే ఉంటారు, తాగుబోతు ఆరు నెలలు మానడం ఊళ్లో వింత కాదు.

కంపెనీల మతలబు అంటారా, ఉంది, కోట్ల డాలర్లు పెట్టారు, లాభం లేకుండా పెట్టరు. నాకు దానికన్నా పెద్ద చిక్కు ఇంకోటి. ఈ ప్రయోగాల్లో రోగికి తనకేం ఇచ్చారో తెలియకూడదు. కానీ గోడలు ఊపిరి పీలుస్తున్నట్టు కనబడేవాడికి తనకిచ్చింది బెనడ్రిల్ కాదని తెలియకుండా ఎలా ఉంటుంది? ఇందాక చెప్పిన న్యూయార్క్ ప్రయోగంలోనూ నూటికి తొంభై మందికి పైగా సరిగ్గా కనిపెట్టేశారు. అసలు మందు పడిందన్న నమ్మకం ఎంత పని చేసిందో, మందు ఎంత పని చేసిందో విడదీయడం కష్టం. 2024 ఆగస్టులో, అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఇలాంటిదే ఎండీఎంఏ అనే మందుని, అది వేరే జబ్బుకి లెండి, వెనక్కి పంపినప్పుడు జరిగిన చర్చలో ఇదీ ఒకటి. ఆస్ట్రేలియా 2023 జులై నుంచి కొందరు సైకియాట్రిస్టులకు సిలోసైబిన్ రాయడానికి అనుమతి ఇచ్చింది, అది మొండి డిప్రెషన్‌కి. తాగుడికి కాదు.

ప్రశ్న: నమస్తే అండి. మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. నడుము ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నొప్పి మాత్రలకు అలవాటు పడ్డాడని ఇప్పుడు కోడలు చెబుతోంది, బయట కూడా కొంటున్నాడట. మెక్సికోలో ఐబొగేన్ అనే వేరు మందు ఒక్కసారి ఇస్తే పోతుందట, టికెట్ కూడా చూసుకున్నాడు. ఆపాలా, పంపాలా? నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. (ఒక తల్లి, కాకినాడ)

జవాబు: ఆపండి. ఈ పత్రిక మీ చేతికి వచ్చేలోపే మీకు విడిగా మెయిల్ పెట్టాను, అయినా ఇలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

ఐబొగేన్ ఆఫ్రికాలోని గాబన్ దేశంలో పెరిగే ఇబోగా అనే పొద వేరు బెరడులో ఉంటుంది, అక్కడ బ్విటి అనే సంప్రదాయంలో దీక్ష ఇచ్చేటప్పుడు తినిపిస్తారు. 1962లో హెరాయిన్‌కి అలవాటు పడ్డ హోవర్డ్ లోట్సాఫ్ అనే న్యూయార్క్ కుర్రాడు సరదాకి తిని, మత్తు దిగాక చూసుకుంటే హెరాయిన్ కోసం ఒళ్లు పీకడం లేదు. అక్కడి నుంచి దీని పేరు పాకింది. పని చేస్తుందని చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్లంతా అబద్ధమాడుతున్నారని నేను అనను. కానీ ఇది గుండె కొట్టుకునే లయని దెబ్బతీస్తుంది, ఈసీజీలో క్యూటీ అనే భాగం సాగిపోతుంది, ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయినవాళ్లు ఉన్నారు. ఈసీజీ చూడకుండా, ఏమేం మందులు వాడుతున్నాడో అడగకుండా ఇచ్చేచోటికి వెళ్తే అది జూదమే. టెక్సాస్ రాష్ట్రం 2025 జూన్‌లో దీని మీద పరిశోధనకి 5 కోట్ల డాలర్లు ఇస్తూ చట్టం చేసింది, మీ అబ్బాయి అదే చూపిస్తాడు మీకు. పరిశోధనకి ఇచ్చారంటే ఇంకా తేలలేదనే కదా అని అడగండి.

రెండో ప్రమాదం ఇంకా పెద్దది. కొన్నాళ్లు మానేసి వచ్చాక ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది. ఒక బలహీనమైన రాత్రి పాత లెక్కనే వేసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. బయట కొనే మాత్రల్లో, రవ్వంతతోనే ప్రాణం తీసే ఫెంటనిల్ కలుస్తున్న కాలం ఇది.

ఈ జబ్బుకి, అంటే నల్లమందు జాతి మాత్రల అలవాటుకి, బాగా పరీక్షించిన మందు ఇప్పటికే ఉంది, బ్యూప్రెనార్ఫిన్. అమెరికాలో ఇదివరకు దాన్ని రాయడానికి డాక్టరుకి ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది, 2023 నుంచి ఆ అడ్డు తీసేశారు, ఫ్యామిలీ డాక్టరే రాయొచ్చు. కోడలికి ఇవాళే చెప్పండి, ఆ అపాయింట్‌మెంట్ తీసుకోమని, మోతాదు మించి ఊపిరి ఆగిపోతుంటే కొట్టే నలోక్సోన్ అనే ముక్కు స్ప్రే మెడికల్ స్టోర్‌లో చీటీ లేకుండానే దొరుకుతుంది, రెండు కొని ఇంట్లో అందరికీ తెలిసే చోట పెట్టమని. ఇంకోమాట, అబ్బాయితో మాట్లాడేటప్పుడు పరువు గురించి ఎత్తకండి. తెలిసినవాళ్లకి తెలుస్తుందన్న భయంతోనే మెక్సికో వెతుక్కున్నాడేమో అని నా అనుమానం.

ప్రశ్న: కెటమిన్ ఇండియాలో లీగలే కదా, దానితో తాగుడు మాన్పించొచ్చా?

జవాబు: ఆపరేషన్ థియేటర్‌లో లీగల్. మత్తు డాక్టర్లు రోజూ వాడతారు, కొన్నిచోట్ల మొండి డిప్రెషన్‌కి కూడా ఇస్తున్నారు. తాగుడుకి దీన్ని రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఎవ్‌గెనీ క్రుపిట్‌స్కీ చాలా ఏళ్లు వాడాడు, ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు 96 మంది మీద చేసి 2022లో అచ్చువేశారు, కొంత మేలు కనిపించింది, కౌన్సెలింగ్ కూడా కలిసిన గుంపులో ఎక్కువ. కానీ ఇది దానికదే అలవాటయ్యే మందు, బయట వాడేవాళ్లకి మూత్రాశయం పాడైపోయి పది నిమిషాలకోసారి బాత్‌రూమ్‌కి పరిగెత్తే స్థితి వస్తుంది. నేనైతే తాగుడుకి ఇప్పుడే ఇవ్వను.

ప్రశ్న: డాక్టర్ గారు, అందరూ ఇంట్లోవాళ్ల గురించి రాస్తారు, నేనే తాగుబోతుని. లారీ ఆఫీసులో పని, ఖమ్మం. పదకొండేళ్లుగా అయ్యప్ప మాల వేస్తున్నాను. ఆ 41 రోజులు చుక్క ముట్టను, కోరిక కూడా రాదు. కొండ మీద మెట్లెక్కుతుంటే ఏడుపొస్తుంది, ఇక జన్మలో తాగను అనిపిస్తుంది. మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలు. పోయినసారి తిరుగు ప్రయాణంలో సేలం దగ్గరే మొదలైంది. ఆ పుట్టగొడుగు చూపించేది నాకు స్వామి ఏటా చూపిస్తూనే ఉన్నాడు కదా, మరి నాకెందుకు నిలవట్లేదు?

జవాబు: ఈ నెల వచ్చిన అన్నిట్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మీ ఉత్తరం. న్యూయార్క్‌లో అంత ఖర్చుపెట్టి గదిలో కట్టిన ఏర్పాటు మీరు చెప్పుకుంటూ పోయారు. ముందు తయారీ ఉంది, తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, నేల మీద పడక. తోడు మనుషులున్నారు, గురుస్వామి ఉన్నాడు. మిమ్మల్ని ఆఫీసులో ఓనరు కూడా స్వామీ అనే పిలుస్తాడు, ఆ 41 రోజులూ తాగమని అడిగేవాడు ఒక్కడూ ఉండడు. ఆ పైన మెట్ల మీద ఏడుపు. మీకు లేనిదల్లా ఆ తర్వాతి వారాలు. అక్కడ క్యాప్సూల్ దిగాక థెరపిస్టు కూర్చుని నిన్న ఏం చూశావు, ఇవాళ సాయంత్రం ఏం చేస్తావు అని అడుగుతాడు. మీకు మాల తీశాక అడిగినవాడు లేడు, పార్టీ ఎప్పుడన్నా అని అడిగినవాళ్లు ఉన్నారు.

ఒక హెచ్చరిక ముందు. పదకొండేళ్లుగా మీకు ఏం కాలేదు కాబట్టి ఈసారీ కాదని అనుకోకండి, అలవాటు ముదిరే కొద్దీ మాల వేసిన రెండో మూడో రోజు ఫిట్స్ రావచ్చు. నేను చూసిన ఒకాయన మూడో రోజు రాత్రి లేచి గోడతో మాట్లాడుతుంటే ఇంట్లోవాళ్లు స్వామి పూనాడనుకుని హారతి ఇచ్చారు, తెల్లవారి నా దగ్గరికి తెచ్చేసరికి జ్వరం 103, ఒళ్లంతా వణుకు, బతికించడానికి ఆరు రోజులు పట్టింది. ఈ మధ్య పొద్దున్నే చేతులు వణుకుతున్నాయా, అది నాకు రాయలేదు మీరు. వణుకుతుంటే మాలకి రెండు వారాల ముందే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వణుకు మాత్రలు వాడితే దీక్ష చెడుతుందా అని అడుగుతారేమో, మీ గురుస్వామినే అడగండి, నేనడిగిన గురుస్వాములెవరూ చెడుతుందనలేదు.

ఇక ఈసారి ఇలా చేద్దాం. మాల తీసే తేదీ ఇప్పుడే తెలుసు కదా, దాని మర్నాటికి ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రిస్టు దగ్గర రాయించుకోండి. కోరిక తగ్గించే మాత్ర మాల తీయడానికి వారం ముందే మొదలుపెట్టొచ్చేమో ఆయనతో మాట్లాడండి. తిరుగు ప్రయాణం పోయినసారి వచ్చిన బృందంతో కాకుండా రైల్లో, కుటుంబాలతో వచ్చే బృందంతో రండి, సేలం మీదుగానే వచ్చినా ఫర్వాలేదు. ఆ ఏడుపు వచ్చిన మెట్టు దగ్గర ఏమనిపించిందో కొండ దిగకముందే ఒక కాగితం మీద మీ చేత్తో రాసి జేబులో పెట్టుకోండి, మర్నాడు డాక్టరుకి చూపించండి. మీ గురుస్వామి ఒప్పుకుంటే ఆయన్నీ వెంట తీసుకెళ్లండి, మాల తీశాక కూడా నెలరోజులు సాయంత్రం ఏడింటికి ఆయన మీకు ఫోన్ చేసేలా మాట తీసుకోండి. ఏం జరిగిందో నాకు రాయండి, తాగినా రాయండి.